జీతం కోసేశారు, స్కూల్ కాంట్రాక్ట్ మధ్యలో వదిలి ఇంటికి వచ్చేయొచ్చా? (అజ్మాన్, యూఏఈ)

అజ్మాన్ కొత్త టీచర్:
అందరికీ నమస్తే. ఇక్కడ ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో మ్యాథ్స్ టీచర్‌గా చేరి నాలుగు నెలలైంది. ఆఫర్ లెటర్లో 4,500 దిర్హామ్‌లు అన్నారు, వేస్తున్నది 3,200. అడిగితే ప్రొబేషన్ అయ్యాక చూద్దాం అంటున్నారు. మానేస్తానంటే వీసాకి పెట్టిన 7,000 కట్టి వెళ్లమంటున్నారు, పాస్‌పోర్ట్ కూడా వాళ్ల దగ్గరే ఉంది. సెలవు పెట్టి గుంటూరు వెళ్లిపోయి ఇంక తిరిగి రాకుండా ఉండిపోదామనుకుంటున్నా. ఏమన్నా అవుతుందా?

షార్జా అక్క:
ఆ పని మాత్రం చెయ్యకమ్మా. చెప్పకుండా వెళ్లిపోతే అబ్‌స్కాండింగ్ అని, అంటే పని వదిలి పారిపోయావని కేసు పెడతారు, ఏడాది దాకా మళ్లీ వర్క్ పర్మిట్ రాదు. ప్రొబేషన్లో ఉన్నావు కాబట్టి ఇండియా వచ్చేయాలంటే 14 రోజుల నోటీసు, ఇక్కడే ఇంకో స్కూల్లో చేరాలంటే నెల నోటీసు, రాతపూర్వకంగా ఇవ్వాలి. వీసా ఖర్చు నీ దగ్గర వసూలు చెయ్యకూడదు. ఇక్కడే స్కూల్ మారితే ఆ ఖర్చు కొత్త స్కూల్ వాళ్లు పాత స్కూల్‌కి ఇచ్చుకోవాలి, నువ్వు కాదు.

ఇంకోటి, నాకు జరిగింది నీకు జరగకూడదని చెప్తున్నా. నేను మానేసిన రోజు అకౌంట్స్ రూమ్‌లో టేబుల్ మీద ఒక కాగితం పెట్టారు, ఒక పక్క అరబిక్, ఒక పక్క ఇంగ్లీష్, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న ఇంటూ మార్కు. చదివితే నాకు రావాల్సిన డబ్బులన్నీ ముట్టాయి అని ఉంది. ఇంకా రాలేదు కదా సార్ అంటే రేపు బ్యాంకులో పడతాయి, ఇది పెడితేనే వీసా క్యాన్సిల్ అవుతుంది అన్నాడు. కింద టాక్సీలో మా ఆయన, పాప ఏడుస్తోందని రెండుసార్లు ఫోన్, పెట్టేశా. రెండు నెలల జీతం పైసా రాలేదు, కంప్లైంట్ ఇస్తే నా సంతకమే నాకు చూపించారు. డబ్బు అకౌంట్లో పడ్డాకే పెన్ను పట్టుకో తల్లీ.

దుబాయ్ 2009 బ్యాచ్:
ఇక్కడ పదిహేనేళ్ల పైనే ఉన్నా కాబట్టి చెప్తున్నా. కాంట్రాక్ట్ మధ్యలో మానేస్తే 45 రోజుల జీతం కట్టాలి, ఆరు నెలలు బ్యాన్. మా కొలీగ్ కట్టింది కూడా. ముందు క్రెడిట్ కార్డు, లోన్ ఏదన్నా ఉంటే క్లోజ్ చేసుకో, రూమ్ డిపాజిట్ వెనక్కి తీసుకో, మా పాత ఓనర్ గోడకి మేకు కొట్టామని 500 పట్టుకున్నాడు.

అబుదాబి తమ్ముడు:
అన్నా ఆ 45 రోజులు 1980 చట్టంలోది. 2022 ఫిబ్రవరి 2 నుంచి కొత్త చట్టం, గడువున్న (లిమిటెడ్), గడువు లేని (అన్‌లిమిటెడ్) కాంట్రాక్ట్ అన్న తేడానే లేదు ఇప్పుడు. మీ కొలీగ్ ఎప్పుడు కట్టింది?

దుబాయ్ 2009 బ్యాచ్:
2016లో. సరే తమ్ముడూ చట్టం మారింది, స్కూళ్లు మారాయా? పాస్‌పోర్ట్ కోసం గొడవపడితే పిల్లనే ఇబ్బంది పెడతారు.

అబుదాబి తమ్ముడు:
గొడవ ఎందుకు, ఒక మెయిల్ పెడితే చాలు. ఎవరి పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గరే ఉండాలి, ఉంచుకోవడం ఇక్కడ నేరం. చెల్లీ, ముందు ఇక్కడి కార్మిక శాఖ (మోహ్రే) యాప్‌లో నీ కాంట్రాక్ట్ తెరిచి చూడు, అక్కడ ఎంత రాసుందో అదే లెక్క. బ్యాంక్ స్టేట్‌మెంట్ పక్కన పెట్టి కంప్లైంట్ వెయ్యి, 14 రోజుల్లో రాజీకి చూస్తారు, 50,000 లోపు అయితే మినిస్ట్రీయే తేల్చేస్తుంది. దేశం వదిలి వెళ్లకముందే వెయ్యాలి, వెళ్లాక వెంటబడటం కష్టం. ఎవరూ వినకపోతే మన కాన్సులేట్ వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, 80046342, ఫ్రీ నంబర్.
షార్జా అక్కా, మీది రెండేళ్ల లోపు అయితే ఇంకోసారి అడగండి, 2024లో కంప్లైంట్ గడువు ఏడాది నుంచి రెండేళ్లు చేశారు.

షార్జా అక్క:
నాది 2019 నాయనా. ఇంక అయిపోయింది.

అజ్మాన్ కొత్త టీచర్:
యాప్ ఇప్పుడే చూశా. 4,500 అనే ఉంది. స్క్రీన్‌షాట్ తీసుకున్నా, రాత్రికి పాస్‌పోర్ట్ అడుగుతూ మెయిల్ రాస్తా, పంపేముందు ఒకసారి చూస్తారా అక్కా?

షార్జా అక్క:
పంపమ్మా, పదింటి దాకా మేలుకునే ఉంటా.