ఇంటర్లో తెలుగు ఒగ్గేసి సంస్కృతానికి మారిపోనా?

జూనియర్_ఎంపీసీ_విజయనగరం

అందరికీ నమస్తే. నేను విజయనగరంలో జూనియర్ ఇంటర్ చదువుతున్నాను, మాది గజపతినగరం దగ్గర పల్లెటూరు, రోజూ బస్సుకి వచ్చి వెళ్తాను. టెన్త్‌లో తెలుగు అంటే ఇష్టం, మార్కులు కూడా బాగా వచ్చాయి, అందుకే సెకండ్ లాంగ్వేజ్ తెలుగు పెట్టాను. తీరా చూస్తే సెక్షన్ దాదాపు అంతా సంస్కృతమే, తెలుగుకి మేం గుప్పెడు మందిమి, ఆ పీరియడ్‌కి పుస్తకాలు పట్టుకుని వేరే రూమ్‌కి వెళ్తాం.

సార్ బాగా చెప్తారు, అది అబద్ధం చెప్పకూడదు, కానీ చాలా స్ట్రిక్ట్. పద్యం చూడకుండా రాయాలి, ప్రతిపదార్థం రాయాలి, ఒక్క పదం వదిలేసినా మార్కు పోతాది. మొన్న యూనిట్ టెస్ట్‌లో నాకు సగం కూడా రాలేదు, సంస్కృతం వాళ్లకి మాత్రం తొంభై పైన. రాత్రి లెక్కలు చెయ్యాల్సిన టైం అంతా పద్యాలకే పోతంది, ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో ర్యాంకు పోతాదేమో అని భయం వేస్తంది. నాన్న మారిపోమంటన్నారు, తాతయ్య అస్సలు ఒప్పుకోవట్లేదు, ఆయనకి నాటకం పద్యాలు బోలెడు నోటికి వచ్చు. ఆఫీసులో అడిగితే ఈ నెలాఖరులోపు చెప్పెయ్యాలి అన్నారు. ఏటి చెయ్యమంటారు?

చీపురుపల్లి_బీటెక్

చెల్లీ ముందు ఆ ఈఏపీసెట్ భయం తీసెయ్. ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కుల వెయిటేజీ 25 శాతం ఉంది నిజమే, కానీ అది గ్రూప్ సబ్జెక్టులకే, అంటే నీకు మాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఇంగ్లీషు గానీ సెకండ్ లాంగ్వేజ్ గానీ అందులోకి రావు. తెలుగులో 70 వచ్చినా 98 వచ్చినా ర్యాంకులో తేడా ఉండదు. ఎన్ఐటీ ఆలోచన ఉంటే మాత్రం వేరే లెక్క, అక్కడ జనరల్ వాళ్లకి ఇంటర్లో 75 శాతం ఉండాలి లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి, ఆ శాతంలో లాంగ్వేజ్ కూడా లెక్కకొస్తాది. అయినా మిగతావి బాగా రాస్తే తెలుగు ఒక్కటి నిన్ను కిందికి లాగెయ్యదు. కాలేజీలు ఫ్లెక్సీల మీద టోటల్ మార్కులు వేసుకుంటాయి కాబట్టి అందరినీ సంస్కృతంలోకి నెడతాయి, ఆ అవసరం వాళ్లది, నీది కాదు.

రాజాం_లెక్చరర్

అమ్మా, నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను, అందుకని నా మాట ఒకవైపుకి మొగ్గుతాదని ముందే అనుకో. అయినా చెప్తాను.

నీకు కష్టం తెలుగుతో కాదు, పద్యాన్ని బట్టీ పడుతున్న పద్ధతితో. పద్యంలో మాటలు మనం మాట్లాడే వరసలో ఉండవు, గణాల కోసం యతి ప్రాసల కోసం కవి వాటిని అటూ ఇటూ మారుస్తాడు. పై నుంచి కిందికి ఎన్నిసార్లు చదివినా ఆ వరస బుర్రకి ఎక్కదు. ముందు సంధులు విడదీసి పెన్సిల్‌తో గీతలు పెట్టుకో. తర్వాత క్రియ ఎక్కడుందో వెతుకు, చాలా పద్యాల్లో చివర ఉంటాది, కొన్నిట్లో మధ్యలో దాక్కుంటాది. ఆ పని ఎవరు చేశారు, ఎవరిని, ఎందుకు అని అడుగుతూ మాటల్ని మామూలు వాక్యంలా పేర్చుకో, దీన్నే అన్వయం అంటాం. అన్వయం కుదిరాక ప్రతిపదార్థం వేరేగా చదవక్కర్లేదు, ఆ వరసలోనే ఒక్కో మాటకి అర్థం రాసుకుంటూ పోతే అయిపోద్ది, తాత్పర్యం కూడా అందులోంచే వస్తాది. పద్యం నోటికి రావాలంటే మాత్రం గొంతెత్తి చదవాలి, మనసులో చదివితే రాదు, దానికి మీ ఇంట్లోనే తాతయ్య ఉన్నారు కదా, సాయంత్రం ఆయన ముందు కూర్చుని చదువు.

ఇంకోటి, సంస్కృతానికి వెళ్తే వ్యాకరణం తప్పుతాదని చాలామంది అనుకుంటారు. సవర్ణదీర్ఘం, గుణం, వృద్ధి, యణాదేశం ఇవన్నీ సంస్కృత సంధులే, అక్కడా ఉంటాయి, పైన శబ్దాలు, అంటే ఒక్కో పదానికి విభక్తి రూపాలు కూడా నేర్చుకోవాలి. అకార ఇకార ఉకార సంధుల్లాంటివి మన తెలుగువి. అక్కడ జవాబులు తెలుగు, ఇంగ్లీషుల్లో రాసే వీలుంది, మార్కులు తేలిగ్గా పడతాయి, అది ఒప్పుకుంటాను. అయితే తేలిగ్గా మార్కులొచ్చిన మా పిల్లల్లో రెండేళ్ల తర్వాత సంస్కృతంలో ఒక వాక్యం సొంతంగా చెప్పగలిగినవాళ్లు నాకు కనబడలేదు. ఆ భాష మీద ప్రేమతో తీసుకుంటే మహా గొప్ప, విజయనగరంలో 1860 నుంచి సంస్కృత కళాశాల ఉంది, అక్కడ చదివి పండితులైనవాళ్లు ఎందరో. కేవలం మార్కుల కోసం తీసుకోవడం ఆ భాషకీ న్యాయం కాదు.

శ్రీకాకుళం_అమ్మ

సార్ చెప్పింది బాగుంది కానీ నేను ఒప్పుకోను. మా అబ్బాయి సంస్కృతం తీసుకున్నాడు, రోజూ గంట మిగిలింది, ఆ గంట ఫిజిక్స్‌కి పెట్టాడు. పిల్ల రోజూ బస్సుల్లో తిరిగి అలసిపోయి వస్తంది, ఆమె నిద్ర గురించి ఎవరూ మాట్లాడట్లేదు. తెలుగు మీద ప్రేమ ఉంటే సెలవుల్లో చదువుకోవచ్చు, ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా, ఎక్కడికీ పోదు. అమ్మా నీకు నిజంగా టైం చాలకపోతే మారిపో, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

ఇచ్ఛాపురం_నుంచి

మా ఇంట్లో మాట్లాడేది ఒడియా. టెన్త్ దాకా ఒడియా మీడియమే, ఇంటర్లో కూడా ఒడియా పెట్టుకోవచ్చు, అయినా తెలుగు తీసుకున్నాను, ఎందుకంటే ఈ రాష్ట్రంలోనే ఉద్యోగం చెయ్యాలని అప్పుడే అనుకున్నాను. మొదట్లో పద్యం చూస్తే కళ్ళు తిరిగేవి, అర్థం ఎవరైనా చెప్పినా నిలిచేది కాదు. ఇప్పుడు గ్రూప్-1కి చదువుతున్నాను, మెయిన్స్‌లో తెలుగు పేపర్ పాసవ్వాలి, మార్కులు కలపరు కానీ అది తప్పితే మిగతావి ఎంత బాగా రాసినా దండగే. సివిల్స్‌లో కూడా భారతీయ భాష పేపర్ 300 మార్కులకి ఉంటాది, అదీ పాసవ్వాల్సిందే. నాతో కోచింగ్‌లో ఉన్న చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే, సంక్షిప్తం చెయ్యమన్నా అనువాదం చెయ్యమన్నా పెన్ను కదలక కూర్చుంటారు, ఇంట్లో మాట్లాడేది ఎక్కడికీ పోదు అన్న అమ్మగారికి ఇది చెప్పాలనిపించింది. నువ్వు ఇంజినీరింగ్ అంటన్నావు, ఈ పరీక్షలు నీకు రావచ్చు రాకపోవచ్చు, అది నీ ఇష్టం.

జూనియర్_ఎంపీసీ_విజయనగరం

అందరికీ చాలా థాంక్స్. వెయిటేజీలో లాంగ్వేజ్ రాదని నాకు నిజంగా తెలీదు, మా సెక్షన్లో ఎవరికీ తెలీదు అనుకుంటా, రేపే చెప్తాను. అమ్మగారూ, నిద్ర గురించి మీరొక్కరే అడిగారు, ఆరు గంటల బస్సుకి లేస్తాను కాబట్టి అది నిజంగానే ఇబ్బంది. నెలాఖరుకి ఇంకా టైం ఉంది, ఈలోపు ఇంకో స్లిప్ టెస్ట్ ఉంది, సార్ చెప్పినట్టు అన్వయం రాసి చూస్తాను, రాత్రి తొమ్మిది తర్వాత మాత్రం తెలుగు ముట్టుకోను. అప్పటికీ కుదరకపోతే మారిపోతాను. రాజాం సార్, ఒక పద్యంలో క్రియ రెండు మూడు చోట్ల కనబడితే ఏది పట్టుకోవాలి?

రాజాం_లెక్చరర్

వాక్యాన్ని పూర్తి చేసేదాన్ని పట్టుకో. చేసి, చూచి, వచ్చి లాంటివి అసమాపక క్రియలు, వాటిని పక్కన పెట్టు. ఏ పద్యమో చెప్పు, అన్వయం ఇక్కడే రాద్దాం.