మా అవ్వ గురించి రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి

కలిగిరి పిల్ల:
అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ, మేం అవ్వా అని పిలిచేవాళ్లం, పోయి నాలుగేళ్లయింది. మాది నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట దగ్గర ఊరు. 1992లో సారా వద్దని ఆడోళ్లంతా లేచినప్పుడు అవ్వ కూడా పొద్దుగూకంగానే సారా కొట్టు ముందు కూర్చునేదంట, సారా బండి రాకుండా రోడ్డుకి అడ్డంగా మంచం వేసుకుని పడుకుందని అమ్మ అంటది, పిన్నమ్మేమో మంచం కాదే, రోకలి పట్టుకుని నిలబడింది అంటది. ఆ కొట్లో తాగేది మా తాతే, ముందు ఆయన్నే ఆపింది. ఆ ఉద్యమంలో ముందు నిలబడిన దూబగుంట రోశమ్మ గారి పేరు అందరికీ తెలుసు, మా అవ్వ పేరు ఎక్కడా లేదు. ఫోటో కూడా రేషన్ కార్డు మీదదే, అదీ మసక. పిల్లలకి చదివి వినిపించేటట్టు రాసిపెట్టాలని ఉంది. ఎట్ట?

పెన్న గట్టు:
అమ్మాయ్, అవ్వ ఈడు ఆడోళ్లు ఊళ్లో ఎవరుంటే వాళ్ల దగ్గరికి ఈ వారమే పో, ఫోన్లో రికార్డింగ్ పెట్టుకో. ఎత్తుకోవడమే సారా సంగతి అడగబాక, రాత్రి బడి గురించి అడుగు. 1991లో జిల్లాలో పెద్దోళ్లకి చదువు నేర్పేదానికి అక్షర దీపం అని పెట్టారు గదా, అందులో సీతమ్మ కథ అని పాఠం, ఊరి ఆడోళ్లు సారా కొట్టు మూయించడం గురించి. అది చదివినాకే మనమెందుకు చెయ్యకూడదని కదిలారు, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగిపోయిందాకా వదల్లేదు. మా అమ్మ అప్పుడు వాలంటీరుగా చదువు చెప్పింది, లాంతరు కింద పలకలు పట్టుకుని అరవయ్యేళ్లోళ్లు కూడా కూర్చునేవాళ్లంట. మంచమా రోకలా అని తేల్చబాక, రెండూ రాయి.

టంగుటూరు మనవడు:
అక్కా, దస్తావేజులు చూడండి. మా నాయనమ్మ పొగాకు గ్రేడింగ్‌కి పొయ్యి, చీటీ కట్టి నలభై సెంట్లు కొనింది, తాత నా పేరున రాయించు అంటే కూలి నాది గదయ్యా అని తన పేరునే రాయించుకుంది. ఆ కాగితం చూసినాకే నాకు ఆమె ఏందో తెలిసింది. ఈసీ తీయించండి, అంటే ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే కాగితం, అమ్మిన పొలమైతే ఎవరు కొన్నారో అందులో ఉంటది, అసలు కాగితం వాళ్ల దగ్గరే ఉంటది, పొయ్యి అడగండి.

కలిగిరి పిల్ల:
దొరికింది! 1989లో తాత అప్పులకి అవ్వ అమ్మిన చేను కాగితం కొన్నోళ్ల ఇంట్లో ఉంటే ఫోటో తీసుకున్నా, ప్రతి పేజీ కింద వేలిముద్ర. 1996లో మిగిలిన ఎకరా అమ్మకి పసుపు కుంకుమ కింద రాసిచ్చిన కాగితం మా పెట్టెలోనే ఉంది, దాంట్లో సంతకం! పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటి పక్కకి పొయినయ్. దస్తావేజు రాసే రైటరు వేలిముద్ర చాలమ్మా అన్నా వినకుండా పేజీ పేజీకీ కూర్చుని రాసిందంట, బస్సు పోతదని తాత బయటినుంచి ఒకటే పిలుపులంట. అమ్మ ఆ సంతకం మీద వేలు పెట్టి చాలాసేపు అట్టనే కూర్చుంది.