అప్‌డేట్: పాత పికప్ స్టీరియో వైరింగ్ మార్చాను, బ్యాటరీ దిగడం ఆగింది

పాత పికప్‌లో ఎవరో బిగించిన స్టీరియో వల్ల తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతోందని అడిగాను కదా, కారణం దొరికింది. బ్యాటరీ నెగటివ్ తీసేసి సెట్ బయటికి లాగితే, దాని పసుపు, ఎరుపు వైర్లు రెండూ కలిపి మెలితిప్పి, ఎప్పుడూ 12 వోల్టులు ఉండే వైరుకే చుట్టేసి ఉన్నాయి. పైన జిగురు కారిపోయిన టేపు. బండి ఆపి తాళంచెవి బయటికి తీసినా సెట్ పూర్తిగా ఆగేది కాదన్నమాట.

పసుపును (సెట్ మెమరీకి ఎప్పుడూ కరెంటు ఇచ్చే వైరు) అక్కడే ఉంచి, ఎరుపును (సెట్‌ను ఆన్ చేసే వైరు) తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకు మార్చాను. ఏది ఏదో మల్టీమీటర్‌తోనే (వోల్టులు కొలిచే మీటర్) తేల్చుకోండి (కొలిచేటప్పుడు మాత్రం బ్యాటరీ కలపాలి). పాత బండ్లలో రంగుల్ని నమ్మలేం. నలుపు వైరును (ఎర్త్) పెయింట్ గీకిన బాడీ లోహానికి బిగించాక స్పీకర్లలో గరగర కూడా పోయింది.

ఫ్యూజ్ చూడమన్నవాళ్లకు ప్రత్యేకంగా థాంక్స్. పసుపు వైరుకు అసలు ఫ్యూజే లేదు! ఇప్పుడు పెట్టాను.