చార్మినార్ రూపాయి: బరువు తక్కువ, అక్షరాలు పదును. పోత పోసిన నకిలీ నాణెమేనా?

ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు హైదరాబాద్ వెండి రూపాయి. దానిమీది చార్మినార్ బొమ్మ వాకిట్లో అరబిక్ అక్షరం ‘ఐన్’ ఉంది; హిజ్రీ 1330, అంటే 1911–12. (దానిమీది 92 సంవత్సరం కాదు, ‘ముహమ్మద్’ పేరుకు అబ్జద్ లెక్క, అంటే అక్షరాల అంకె విలువల మొత్తం.)

ఉండాల్సిన బరువు 11.18 గ్రాములు, ఇది 10.70. అరుగుదల అందామంటే అక్షరాలు పదునుగా ఉన్నాయి. దారంతో నీళ్లలో వేలాడదీసి, బుడగలు అంటకుండా తూస్తే 1.09 గ్రాములు తగ్గింది. 10.70ని 1.09తో భాగిస్తే సాంద్రత 9.82 అన్నమాట, 818 టంచు (వెయ్యికి 818 పాళ్లు) వెండికి సుమారు 10.2 రావాలి. అంచు గీతల మధ్య ఒకచోట సన్నటి అతుకు కూడా కనిపిస్తోంది.

పోతలో గాలి చిక్కినా, రాగి ఎక్కువైనా సాంద్రత పడిపోతుంది. నాణేన్ని గీకకుండా ఈ రెండింట్లో ఏదో తేల్చడమెలా? నకిలీ అనడానికి ఆ అతుకు ఒక్కటే సరిపోతుందా? అసలుదే అయితే వెండి ధర మీద ఎంత అదనం పలుకుతుంది? ఇప్పటిదాకా తోమలేదు, తోమను కూడా.