పడమటి కిటికీలకు డబుల్ గ్లేజింగ్ అవసరమా?

సందేహం: విజయవాడలో మేము కట్టుకుంటున్న ఇల్లు కిటికీల దశకు వచ్చింది. పడకగది కిటికీలు రెండూ పడమటి వైపు, హాలు కిటికీ రోడ్డు వైపు ఉన్నాయి. అన్నింటికీ డబుల్ గ్లేజింగ్ (మధ్యలో ఖాళీతో రెండు అద్దాలు) వేయిస్తే ఎండా, చప్పుడూ ఆగుతాయని యూపీవీసీ ఫ్రేముల వ్యాపారి అంటున్నారు; నల్ల అద్దం చాలునని మేస్త్రి గారి మాట. తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం: రెండు అద్దాల మధ్య బిగించిన ఖాళీ, బయటి గాలి వేడి లోపలికి చేరడాన్ని తగ్గిస్తుందన్నది నిజమే, ఒంటి అద్దానికి సుమారు 5.7 ఉండే యు విలువ (వేడి ఎంత తేలికగా దాటుతుందో చెప్పే అంకె) దీనికి 2.8 ప్రాంతానికి దిగుతుంది. కానీ రోహిణి కార్తెలో మీ పడకగదిని కాల్చేది గాలికంటె నేరుగా పడే ఎండ. మామూలు తెల్ల అద్దాలు రెండు వేసినా ఆ ఎండ వేడిలో దాదాపు 70 శాతం లోపలికి వస్తుంది కనుక, వ్యాపారిని ముందుగా అడగవలసింది, ఎండ వేడిలో ఎంత వంతు అద్దం దాటుతుందో చెప్పే ఎస్‌హెచ్‌జీసీ ఎంత అని. అది 0.3 అయితే ఎండ వేడిలో 30 శాతమే లోపలికి వస్తుంది. నల్ల అద్దం ఎండను తానే పీల్చుకుని కాగి, అందులో కొంత గదిలోకే వదులుతుంది. పైగా పగలే దీపం వేసుకోవలసి వస్తుంది.

ఎండను ఆపే లో-ఈ పూత (వేడిని వెనక్కి తిప్పికొట్టే పలుచని లోహపు పొర) ఉన్న డబుల్ గ్లేజింగ్‌ను పడమటి కిటికీలకు మాత్రమే తీసుకోండి. ఆ పూత బయటి అద్దానికి లోపలి ముఖాన, అంటే ఖాళీ వైపు ఉండాలి. తిరగేసి బిగించారేమోనని అనుమానం వస్తే, చీకటిపడ్డాక బయట నిలబడి లైటరు వెలిగించి చూడండి: నాలుగు ప్రతిబింబాలు కనిపిస్తాయి, మీ వైపు నుండి రెండవదాని రంగు వేరుగా ఉండాలి.

మరొకరి సమాధానం: చప్పుడు విషయంలో నా అనుభవం వేరండీ. మేము స్లైడింగ్ కిటికీకి డబుల్ గ్లేజింగ్ వేయించాము. హారన్ల మోత తలుపుల మధ్య సందుల్లోంచి యథాప్రకారం వస్తూనే ఉంది. రోడ్డు వైపు రబ్బరు గాస్కెట్లతో గట్టిగా మూసుకునే రెక్కల కిటికీ పెట్టించి, అందులో ల్యామినేటెడ్ అద్దం (మధ్యలో ప్లాస్టిక్ పొరతో అతికించిన రెండు అద్దాలు) వేయించుకోండి.

సందేహం అడిగినవారు: ధన్యవాదాలండీ. పడమటి వైపు రెండడుగుల సన్‌షేడ్ ఉంది, అది చాలదా?

సమాధానం: సాయంత్రపు ఎండ ఏటవాలుగా సన్‌షేడ్ కింద నుండి వస్తుంది కాబట్టి చాలదు. కిటికీకి బయట వెదురు తెర కట్టుకోండి. లోపలి కర్టెన్ వరకు వచ్చిన ఎండ అప్పటికే గదిలోకి వచ్చినట్టే. మా తాతగారింట్లో వట్టివేళ్ల తడికలు బయటే వేలాడేవి. టఫెన్డ్ అద్దాన్ని (వేడిచేసి గట్టిపరచినదాన్ని) తయారయ్యాక కోయడం కుదరదు కనుక, ప్లాస్టరింగ్ పూర్తయ్యాకనే కొలతలు ఇవ్వండి.