అరవై దాటినవాళ్లలో ధమనుల బిరుసు: నడకకి ముందు, తర్వాత కొలతలు ఎందుకు కలవడం లేదు?

ఫిజియాలజీ_పీజీ (తిరుపతి)

60–75 ఏళ్లవాళ్లతో 12 వారాల నడక కార్యక్రమం పెడుతున్నాం. మొదట్లో, చివర్లో కెరోటిడ్–ఫెమోరల్ పల్స్ వేవ్ వెలాసిటీ (నాడి అల మెడ ధమని నుంచి గజ్జల ధమని దాకా వెళ్లే వేగం; ధమని బిరుసైతే ఇది పెరుగుతుంది) తీయాలి. ఒకరోజు 30 నిమిషాలు నడిపించి, దానికి ముందూ తర్వాతా కూడా తీయమని గైడ్ గారు అన్నారు. ఉన్నది చర్మం మీద ఆనించి నాడి అలని పట్టే పెన్నులాంటి టోనోమీటరు ఒకటి, ఈసీజీ. పైలట్‌లో నడక ఆపిన 5 నిమిషాలకి కొందరికి విలువ పెరిగింది, కొందరికి తగ్గింది. ఒకే మనిషికి వెంటవెంటనే తీసిన రెండు రీడింగుల మధ్యే 1 మీ/సె తేడా వస్తోంది. దూరం టేపుతో కొలుస్తున్నాం. లోపం ఎక్కడుంది? ఎన్ని నిమిషాలకి తీయాలి?

వాస్క్యులర్_ల్యాబ్

ముందు టేపు సంగతి చూడండి. పొట్ట మీదుగా పరిస్తే బొజ్జ ఎత్తు కూడా దూరంలో కలిసిపోతుంది. పెద్ద కాలిపర్ వాడండి. అది లేకపోతే టేపుని ఒంటికి తగలకుండా పైన బిగించి పట్టుకోండి. మెడలో నాడి దొరికిన చోటి నుంచి గజ్జల్లో దొరికిన చోటికి నేరుగా కొలిచి 0.8తో గుణించాలి. 2012 నిపుణుల ఏకాభిప్రాయ పత్రం చెప్పిన పద్ధతి ఇది. 10 మీ/సె అనే హద్దు (దాటితే బిరుసు ఎక్కువని లెక్క) కూడా ఈ దూరానికే వర్తిస్తుంది.

60 సెం.మీ. కొలిస్తే లెక్కలోకి వచ్చేది 0.48 మీటరు. అల 48 మిల్లీసెకన్లలో చేరితే 10 మీ/సె. టేపు 2 సెం.మీ. ఎక్కువ చూపిస్తే 10.33 అవుతుంది. 12 మీ/సె ఉన్న మనిషిలో ప్రయాణ సమయం 40 మిల్లీసెకన్లే కాబట్టి, అల పాదాన్ని (అల పైకి లేవడం మొదలయ్యే చోటుని) గుర్తించడంలో 4 మిల్లీసెకన్లు ఎక్కువైతే విలువ 10.9కి పడిపోతుంది. నాళం బిరుసెక్కేకొద్దీ చిన్న తప్పు పెద్దదవుతుంది. 12 వారాల నడకతో ఆశించగల మార్పు మామూలుగా 1 మీ/సె లోపే. అందుకని మొదటి రోజు కొలిచిన దూరాన్నే చివరిదాకా వాడండి. మధ్యలో నడుము తగ్గినా ధమని పొడవు మారదు. రెండు రీడింగుల తేడా 0.5 దాటితే మూడోది తీసి, మూడింటిలో మధ్య విలువ రాయండి.

మెడ దగ్గర టోనోమీటరుని కంఠమణి పై అంచు కంటే కిందనే ఆనించాలి. ఆ పై అంచు ఎత్తులో కెరోటిడ్ సైనస్ (బీపీని పసిగట్టే చోటు) ఉంటుంది. పెద్దవాళ్లలో అక్కడ నొక్కితే గుండె వేగం పడిపోయి సొమ్మసిల్లవచ్చు. ముందు స్టెతస్కోప్‌తో విని, హోరు వినిపిస్తే ఆ మనిషిని వదిలేయండి. రెండు వైపులా ఒకేసారి ఎప్పుడూ నొక్కకూడదు.

హీమోడైనమిక్స్

5 నిమిషాల రీడింగు మీ పరికరంతో నమ్మదగ్గది కాదు. టోనోమీటరు ఒక్కటే కనుక మెడలో ఒకసారి, గజ్జల్లో ఒకసారి తీసి, ఈసీజీలో ఆర్ శిఖరం (ప్రతి గుండె చప్పుడుకీ కనిపించే ఎత్తైన మొన) నుంచి రెండింటికీ పట్టిన సమయాల తేడా చూస్తున్నారు. ఆర్ శిఖరానికీ బృహద్ధమని కవాటం తెరుచుకోవడానికీ మధ్య విరామం రెండుసార్లూ ఒకేలా ఉంటేనే ఆ తీసివేత నిలుస్తుంది. నడక ఆపిన కొత్తలో గుండె వేగం, బీపీ, ఆ విరామం నిమిష నిమిషానికీ మారుతుంటాయి. మీ పెరగడం తగ్గడంలో చాలా భాగం ఇదే అయి ఉంటుంది.

రెండో కారణం బీపీ. పీడనం పెరిగితే గోడలో భారం సాగే ఎలాస్టిన్ నుంచి అంతగా సాగని కొల్లాజెన్ మీదకి మళ్లుతుంది, అల వేగం పెరుగుతుంది. అంటే నడక ధమనిని పాడుచేసిందని కాదు. వెంటనే కాస్త పెరిగి, 30–60 నిమిషాలకి మొదటి స్థాయికో అంతకన్నా కిందికో దిగడం తరచుగా కనిపించే తీరు. కాబట్టి 30, 60 నిమిషాలకి తీయండి. ప్రతిసారీ బీపీ రాసి, సగటు ధమని పీడనాన్ని విశ్లేషణలో చేర్చండి. మెడలో, గజ్జల్లో గుర్తులు పెన్నుతో ముందే పెట్టుకోండి. నడవని రోజు కూడా ఒకటి ఉండాలి, గంటసేపు ఊరికే పడుకున్నా బీపీ మారుతుంది.

ఫిజియోథెరపీ_చిత్తూరు

మనుషుల్ని సిద్ధం చేయడం మీదే సగం ఫలితం ఆధారపడుతుంది. కొలతకి 3 గంటల ముందు నుంచి కాఫీ, టీ, బీడీ, టిఫిన్ వద్దని ఇంట్లోవాళ్లకి కూడా చెప్పండి. తెల్లారగానే కాఫీ తాగడం అలవాటున్న ఊళ్లలో ఒక్క మాటతో పని జరగదు. బీపీ మాత్ర రోజూ వేసుకునే వేళకే వేసుకోవాలి, ఎప్పుడు వేసుకున్నారో రాసుకోండి. మూత్రానికి వెళ్లొచ్చాకే పడుకోబెట్టండి, మూత్రాశయం నిండుగా ఉంటే బీపీ పెరుగుతుంది.

తిరుపతిలో ఇంకో ప్రశ్న తప్పక అడగాలి: నిన్నో మొన్నో అలిపిరి మెట్లో, శ్రీవారి మెట్టో ఎక్కారా? ఎక్కి ఉంటే తేదీ మార్చండి. కార్యక్రమం చివరి కొలత కూడా ఆఖరి నడక అయిన 48–72 గంటలకి పెట్టుకోవాలి. అదేరోజు తీస్తే ఒక్క నడక ప్రభావాన్నే 12 వారాల ఫలితం అనుకుంటారు.

గది 22–23 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. మే నెల ఎండలోంచి వచ్చినవాళ్లని ముందు కాసేపు కూర్చోబెట్టి, ఆ తర్వాత 10 నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టండి. ఏసీకి వణికితే నాళాలు ముడుచుకుంటాయి, పల్చటి దుప్పటి కప్పండి. మాట్లాడనివ్వకూడదు, నిద్రపోనివ్వకూడదు.

ఫిజియాలజీ_పీజీ (తిరుపతి)

చాలా థాంక్సండి. పక్క డిపార్ట్‌మెంట్‌లో చేతులకీ చీలమండలకీ నాలుగు కఫ్‌లు కట్టే యంత్రం ఉంది. 5 నిమిషాల రీడింగు దాంతో తీసి, మిగతావి టోనోమీటరుతో తీయొచ్చా?

హీమోడైనమిక్స్

కలపొద్దండి. చీలమండ దాకా కొలిస్తే కాలి కండర ధమనులు కూడా లెక్కలోకి వస్తాయి. నడిచాక అవి వదులవుతాయి కాబట్టి బృహద్ధమని మారకపోయినా విలువ తగ్గొచ్చు. సంఖ్యలు కూడా ఎక్కువగా వస్తాయి, 10 హద్దు వాటికి పనికిరాదు. కొన్ని యంత్రాలు కెరోటిడ్–ఫెమోరల్ అని అచ్చువేసే అంకె సూత్రంతో అంచనా కట్టినది, కొలిచినది కాదు. వాడాలనుకుంటే మొదటి నుంచి చివరిదాకా వేరే వరుసగా రాసుకోండి. చీలమండ–చేయి బీపీ నిష్పత్తి 0.9 లోపు ఉంటే ఆ వైపు విలువ తీసేయండి, కాలి నాళంలో అడ్డంకి ఉంటే అల ఆలస్యంగా చేరి వేగం అబద్ధంగా తగ్గుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఉన్నవాళ్లని రెండు పద్ధతుల్లోనూ చేర్చుకోవద్దు.