వీడియోలు పెడితే పిల్లలకు ఇంగ్లిష్ వస్తదా?

పరకాల_టీచర్: అందరికి నమస్తే. సర్కారు బడిల ఎనిమిదో తరగతికి ఇంగ్లిష్ చెప్త. 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం అయింది గని పిల్లలకు బడి దాటితె ఒక్క ఇంగ్లిష్ ముక్క చెవుల పడది. అందుకే యూట్యూబ్ వీడియోలు పెడుతున్న, పది నిమిషాలు బొమ్మలు చూసుకుంట మంచిగనే కూసుంటరు, అయినంక ఏం విన్నరురా అంటె ఒక్కరు నోరు తెరవరు. ఎట్ల చెయ్యాలె?

నర్సంపేట_సార్: మేడం, పది నిమిషాలు చానా ఎక్కువ. నేను నిమిషంన్నర ముక్క తీస్కుంట. ముందుగాల సౌండ్ బంద్ చేసి చూపిస్త, ఏం మాట్లాడుకుంటున్నరో ఊహించి చెప్పుమంట, తెలుగుల చెప్పినా సరే. తర్వాత సౌండ్ పెట్టి, స్పీడ్ 0.75 చేసి, ఒక్కో వాక్యం కాడ ఆపుత. మొన్న అంగడి సీన్ల "హౌ మచ్ ఈజ్ ఇట్" అన్నది మావోళ్లకు "హౌమచ్చిజిట్" అని వినపడ్డది, మాటలు అట్ల అతుక్కుంటయని బోర్డు మీద రాసి చూపించిన, ఎన్నడు మాట్లాడని పిల్ల లేచి అచ్చం అట్లనే అన్నది, నాకైతె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

కాజీపేట_అక్క: సార్ చెప్పింది కరెక్ట్. ఇంకోటి, ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్ నమ్మకుండ్రి, మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు తప్పు పడుతయ్. బీబీసీ లర్నింగ్ ఇంగ్లిష్ అని ఇంగ్లిష్ నేర్పే వెబ్‌సైట్ ఉన్నది, అండ్ల చానా వీడియోలకు మాటలు రాసి పెడ్తరు, అవి ప్రింట్ తీసి కొన్ని పదాలు కొట్టేసి ఇయ్యుండ్రి, వినుకుంట నింపుతరు.

పరకాల_టీచర్: థాంక్స్ సార్, థాంక్స్ అక్క. సోమవారం సౌండ్ బంద్ పెట్టి మొదలువెడ్త. వెనక బెంచీలకు వినపడేటట్టు మంచి స్పీకర్ ఏదన్న ఉంటె చెప్పుండ్రి.